వేగమా, బరువా? చేతి తుపాకీ తూటాల చరిత్రలో ‘నిలువరించే శక్తి’ భావన (1896–2014)

వ్యాస సంగ్రహం

పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దం నుంచి చేతి తుపాకీ తూటాల రూపకల్పనలో రెండు వాదాలు పోటీపడుతున్నాయి. తేలిక గుండును అతి వేగంగా పంపాలన్నది ఒకటి, బరువైన గుండును నింపాదిగా పంపాలన్నది మరొకటి. గురి, ప్రతిఘాతం, నిత్యధారణ అనే మూడు ప్రమాణాలతో ఈ పోటీని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ‘నిలువరించే శక్తి’ అన్న మాటకు కొలత ఏర్పడకముందే దాని పేరిట నిర్ణయాలు జరిగాయని, ఆ నిర్ణయాల భారం తుపాకి పట్టిన చేతి మీదా, తుపాకికి ఎదురైన దేహం మీదా పడిందని ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలక పదాలు: తూటా, గుండు, ప్రతిఘాతం, ద్రవ్యవేగం, మాగ్నమ్, నిత్యధారణ.

1. ప్రవేశిక

వాడుకలో తూటా, గుండు అనే మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడుతుంటాం. ఈ వ్యాసంలో తూటా అంటే గొట్టం, మందు, గుండు కలిసిన మొత్తం. గుండు అంటే తుపాకి నాళం నుంచి వెలువడి లక్ష్యం వైపు సాగే లోహపు ముక్క మాత్రమే. పేలినప్పుడు తుపాకి వెనక్కి తన్నడాన్ని ప్రతిఘాతం అంటున్నాను. నిత్యధారణ అంటే ఆయుధాన్ని రోజంతా ఒంటిమీద ఉంచుకోవడం. ఇది ప్రధానంగా అమెరికా చట్టాల్లో, సామాజిక జీవితంలో రూపుదిద్దుకున్న విషయం. మనదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద 9 మి.మీ. పిస్తోలు సామాన్య పౌరులకు నిషిద్ధ శ్రేణిలోనిది. కాబట్టి ఈ చర్చను దాని సొంత నేల మీద ఉంచి చూడటమే సమంజసం.

2. వేగవాదం ఆవిర్భావం

పొగరాని మందు రావడంతో చిన్న గుండును మునుపెరుగని వేగంతో పంపడం సాధ్యమైంది. 1896 నాటి మౌజర్ పిస్తోలులోని 7.63 మి.మీ. తూటా దీనికి తొలి ప్రసిద్ధ ఉదాహరణ. సుమారు 5.5 గ్రాముల గుండు అందులోంచి సెకనుకు 430 మీటర్ల వేగంతో వెలువడేది. 1902లో గియోర్గ్ లూగర్ 9 మి.మీ. పారాబెల్లమ్‌ను రూపొందించాడు. జర్మన్ నౌకాదళం 1904లోనూ, సైన్యం 1908లోనూ దాన్ని స్వీకరించాయి.

అదే కాలంలో దీనికి ఎదురువాదం వలసనేలల్లో పుట్టింది. కలకత్తా సమీపంలోని డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890లలో మెత్తని ముక్కు ఉన్న రైఫిల్ గుండ్లు తయారయ్యాయి. దేహంలో దిగగానే అవి విచ్చుకుంటాయి. 1899 హేగ్ సమావేశం విచ్చుకునే గుండ్లను యుద్ధంలో వాడరాదని ప్రకటించింది. ఆ నిషేధం ఒప్పందంపై సంతకం చేసిన దేశాల మధ్య జరిగే యుద్ధాలకే వర్తిస్తుందన్న షరతు గమనార్హం. వలస ప్రజల దేహాలకు ఆ రక్షణ లేకపోయింది.

3. ఫిలిప్పీన్స్ అనుభవం, 1904 పరీక్షలు

అమెరికా సైన్యం 1892 నుంచి .38 లాంగ్ కోల్ట్ రివాల్వర్లను వాడుతూ వచ్చింది. దాని గుండు సుమారు 9.7 గ్రాములు, వేగం సెకనుకు 235 మీటర్లు. ఫిలిప్పీన్స్‌లో, ముఖ్యంగా మోరో యోధుల మీద, ఈ తూటా పనిచేయడం లేదన్న ఫిర్యాదులు వచ్చాయి. ఎన్ని గుండ్లు తగిలినా ఆగకుండా దూసుకువచ్చే మోరో యోధుడి చిత్రం సైనిక సాహిత్యంలో స్థిరపడింది. తమ నేలను కాపాడుకుంటున్న మనిషి తెగువను ఆ కథనాలు తూటా లోపంగా మాత్రమే నమోదు చేశాయి.

1904లో ఆయుధ విభాగానికి చెందిన జాన్ థాంప్సన్, వైద్య విభాగానికి చెందిన లూయీ లాగార్డ్ వివిధ తూటాలను పరీక్షించారు. చికాగో పశువుల సంతలో బతికున్న పశువులమీద, విడిగా మానవ శవాలమీద ఆ పరీక్షలు జరిగాయి. .45 అంగుళాలకు తగ్గని వ్యాసం కావాలని వారు సిఫారసు చేశారు. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన .45 ఏసీపీ తూటాతో 1911 మార్చి 29న సైన్యం కొత్త పిస్తోలును స్వీకరించింది.

ఈ పరీక్షల్లో రెండు అంశాలను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మొదటిది, పశువుల సంఖ్య తక్కువ. కాల్చిన చోటు, గుండ్ల సంఖ్య ఒకేలా లేవు. రెండోది, దేహంలో అధికభాగం ఒక్క గుండు దెబ్బకు కూలే చోటు కాదని, కాబట్టి సైనికులకు గురిలో నిరంతర శిక్షణ అవసరమని నివేదికే చెప్పింది. తరువాతి తరాలు వ్యాసం అంకెను గుర్తుంచుకొని శిక్షణ మాటను మరచాయి.

4. ప్రతిఘాతం: లెక్క చెప్పే కథ

గుండు శక్తి దాని బరువుతోనూ, వేగపు వర్గంతోనూ పెరుగుతుంది. తుపాకి వెనక్కి తన్నడం ప్రధానంగా గుండు ద్రవ్యవేగాన్ని, అంటే బరువు, వేగాల లబ్ధాన్ని అనుసరిస్తుంది. మందు నుంచి వెలువడే వాయువు వాటాను పక్కనపెట్టి ప్రామాణిక తూటాలకు లెక్కిస్తే ఈ సుమారు విలువలు వస్తాయి.

9 మి.మీ. పారాబెల్లమ్: 7.45 గ్రాములు, సెకనుకు 360 మీటర్లు, శక్తి 483 జౌళ్లు, ద్రవ్యవేగం 2.7 న్యూటన్-సెకన్లు.
.45 ఏసీపీ: 14.9 గ్రాములు, 255 మీటర్లు, 484 జౌళ్లు, 3.8.
.357 మాగ్నమ్ (1935): 10.2 గ్రాములు, 462 మీటర్లు; 1090 జౌళ్లు; 4.7.
10 మి.మీ. ఆటో: 13 గ్రాములు, 366 మీటర్లు, 870 జౌళ్లు, 4.8.
.40 ఎస్ అండ్ డబ్ల్యూ: 11.7 గ్రాములు, 299 మీటర్లు, 520 జౌళ్లు, 3.5.

మొదటి రెండు వరుసలు ఈ చర్చకు కీలకం. రెండింటి శక్తి దాదాపు సమానం. తుపాకి బరువు ఒకటే అయితే ప్రతిఘాత శక్తి ద్రవ్యవేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. అంటే .45 తూటా చేతిని సుమారు రెండింతల శక్తితో తన్నుతుంది. అందుకే శక్తి అంకెను మాత్రమే చూపే ప్రకటన కాల్చేవారి అనుభవాన్ని దాచిపెడుతుంది.

5. గురి: .38 సూపర్ ఇచ్చే పాఠం

1920ల చివరలో కార్ల వెనుక దాక్కునే నేరస్తులను ఎదుర్కోవడానికి లోహపు రేకును ఛేదించే తూటా కావాలన్న కోరిక బలపడింది. కోల్ట్ సంస్థ 1929లో తెచ్చిన .38 సూపర్ ఆ అవసరానికి అందివచ్చింది. వేగం దండిగా ఉన్నా గురి విషయంలో అది చాలాకాలం అపఖ్యాతిని మోసింది. లోపం గుండుది కాదు. తూటా అడుగున స్వల్పంగా బయటికి పొడుచుకొచ్చిన అంచు ఆధారంగా దాన్ని నాళంలో నిలబెట్టడం వల్ల ప్రతిసారీ ఒకే స్థానంలో కుదురుకునేది కాదు. తూటా గొట్టపు మూతి ఆధారంగా నిలిచే నాళాలు వచ్చాక అదే తూటా గురిపోటీల్లో ఆదరణ పొందింది. గురి తూటా వేగానికి పుట్టుకతో వచ్చే గుణం కాదనీ, తూటాకూ నాళానికీ మధ్య కుదిరే పొందిక అనీ ఈ ఉదంతం తెలుపుతుంది.

6. మాగ్నమ్, నిత్యధారణ

1935లో స్మిత్ అండ్ వెసన్, వించెస్టర్ సంస్థలు .357 మాగ్నమ్‌ను విడుదల చేశాయి. పాత .38 స్పెషల్ గొట్టాన్నే సుమారు 3 మి.మీ. పొడిగించి దీన్ని రూపొందించారు. అధిక పీడనపు తూటా పాత రివాల్వర్లలో పట్టకుండా చూడటమే ఆ పొడవు ఉద్దేశం. పెద్ద మద్యపు సీసాకు వాడే మాగ్నమ్ అనే మాట బ్రిటిష్ వేట తుపాకుల ద్వారా ఇక్కడికి చేరింది. తొలి రివాల్వర్ ఎఫ్‌బీఐ అధిపతి ఎడ్గర్ హూవర్‌కు అందింది.

సెకనుకు 462 మీటర్లన్న ప్రకటన ఎనిమిది ముప్పావు అంగుళాల నాళంతో సాధించింది. కిలోకు పైగా తూగే అలాంటి ఆయుధాన్ని నడుముకు కట్టుకొని రోజంతా తిరగడం కష్టం. నేటి ప్రామాణిక పరీక్షల్లో నాలుగంగుళాల నాళం నుంచి అదే బరువు గుండు వేగం సుమారు 376 మీటర్లు. నాళం ఇంకా కురచైతే మందులో కొంత భాగం బయటే మండి వెలుగు, శబ్దం పెరుగుతాయి. తుపాకి తేలికైనకొద్దీ ప్రతిఘాతం చేతికి ఇంకా గట్టిగా తెలుస్తుంది. మోయడానికి అనువైన రూపంలో మాగ్నమ్ తన వేగాన్ని కోల్పోతుంది, కష్టాన్ని మాత్రం పెంచుకుంటుంది.

7. మయామీ నుంచి 2014 వరకు

1986 ఏప్రిల్ 11న మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ అధికారులు మరణించారు, ఐదుగురు గాయపడ్డారు. తొలి దశలోనే ఒక దుండగుడికి తగిలిన 9 మి.మీ. గుండు చేతిని దాటి ఛాతీలో దిగి, గుండెకు చేరకముందే ఆగింది. అతను కాలుస్తూనే ఉన్నాడు. అతని చేతిలో ఉన్నది రైఫిల్ అన్న సంగతి కన్నా ఆగిపోయిన ఆ ఒక్క గుండే తరువాతి చర్చను ఆక్రమించింది.

1989లో ఎఫ్‌బీఐ ప్రచురించిన పత్రం చేతి తుపాకుల వేగాల్లో కలిగే తాత్కాలిక కుహరాన్ని నమ్ముకోరాదని, కనీసం 12 అంగుళాల లోతు చొచ్చుకుపోవడమే ముఖ్యమని వాదించింది. 10 మి.మీ. ఆటోను ఎంచుకున్నారు. పూర్తి వేగంలో దాని ప్రతిఘాతం ఎక్కువ కావడంతో వేగం తగ్గించారు. ఆ తగ్గిన వేగానికి అంత పొడవు గొట్టం అక్కర్లేదని గ్రహించి 1990లో .40 ఎస్ అండ్ డబ్ల్యూను తెచ్చారు. అది 9 మి.మీ. పరిమాణపు పిస్తోలులోనే ఇమిడింది. కాల్చేవారికి అదీ కఠినమే అయింది.

2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం 9 మి.మీ.కు తిరిగి వెళ్లడాన్ని సమర్థించింది. గుండ్ల తయారీ మెరుగుపడి చొచ్చుకుపోయే లోతులో పెద్ద తేడా మిగల్లేదన్నది ఒక కారణం. పోలీసు కాల్పుల్లో పదింట ఏడెనిమిది గుండ్లు గురితప్పుతున్నాయని, ఎక్కువమంది 9 మి.మీ.తో త్వరగా, కచ్చితంగా కాల్చగలుగుతున్నారని ఆ విభాగం పేర్కొంది. 1904 నివేదికలో మరుగునపడిన శిక్షణ మాట 110 ఏళ్లకు తిరిగి వినిపించింది.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. శక్తి సమానమైనా ప్రతిఘాతం సమానం కాదు. గురి తూటా, నాళం, చేయి ఈ మూడింటి పొందిక వల్ల ఏర్పడుతుంది. నిత్యధారణకు అనువైన కురచ నాళం వేగవాదపు ప్రధాన వాగ్దానాన్నే హరిస్తుంది.

ప్రతి మలుపులోనూ ఒక విషాదాన్ని వెన్నంటి కొత్త కొలత వచ్చింది. ఆ కొలతకు ఆధారమైన దేహాలు మాత్రం చరిత్రలో పేరు లేకుండా మిగిలాయి. మోరో యోధులు, చికాగో సంతలోని పశువులు, పరీక్షకు చేరిన శవాలు తూటాల పట్టికల్లో కనిపించరు. నిలువరించే శక్తి అన్న మాటను వాడేటప్పుడు ఎవరిని, ఎక్కడ, ఎవరి ఆజ్ఞ మేరకు నిలువరించారన్న ప్రశ్నను కూడా అడగడం చరిత్ర అధ్యయనం చేసేవారి బాధ్యత.