సురభి కమలాబాయి

తెలుగు టాకీ చిత్రాలలో తొలి కథానాయిక సురభి కమలాబాయి. 1885లో కడప మండలములోని సురభి గ్రామమున ‘కీచకవధ’తో ఆరంభమై, స్త్రీ పాత్రలను పురుషులే ధరించు ఆచారము బలముగా నున్న కాలమున తమ ఇంటి ఆడువారినే రంగస్థలమున నిలిపిన వనారస కుటుంబ నాటక సమాజములో ఆమె 1907లో జన్మించెను. తల్లి దమయంతి వేషము ధరించి యాడుచుండగా పురిటినొప్పులు వచ్చి, ఆమె రంగస్థలము మీదనే పుట్టెనని, ఊరి పేరుతో ‘సురభి’గా పిలువబడు ఆ సమాజమువారు నేటికిని చెప్పుకొందురు.

హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వమున బొంబాయిలో నిర్మితమై 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో కమలాబాయి లీలావతి పాత్రను, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుని పాత్రను ధరించిరి. ఖమ్మం ప్రాంతపు హరికథకుడు చందాల కేశవదాసు ఆ చిత్రమునకు పాటలు రచించెను. నేపథ్యగానము లేని ఆ దినములలో నటులు కెమెరా ముందు నిలిచి, శ్రుతి తప్పక, సంభాషణ తడబడక, ఎదుట దాచిన మైకుకు గొంతు అందునట్లు తామే పాడవలసి యుండెను. ఒక్క మాట జారినను దృశ్యమంతయు మరల తీయవలసివచ్చెడిది. బాల్యమునుండి పద్యము పాడి పెరిగిన కమలాబాయికి ఆ విద్యయే పెట్టుబడి. మన చలనచిత్రము సురభికి ఎంత ఋణపడియున్నదో ఇచ్చటనే స్పష్టమగును.

అదే యేట ‘పాదుకా పట్టాభిషేకము’లో సీతగాను, ‘శకుంతల’లో యడవల్లి సూర్యనారాయణ సరసన నాయికగాను నటించి, సాగర్ మూవీటోన్ వారి హిందీ చిత్రాలలోను కనిపించెను. 1951లో ‘పాతాళభైరవి’లో తోటరాముని తల్లిగా నటించెను.