ఒక చెట్టు – మూడు పరిమళములు



పెరటి నిమ్మాకును నలిపి మూర్కొని, పిదప కాయతొక్కను గిల్లి చూచినచో వాసనలు వేరని మనమెల్లర మెరుగుదుము. నేడు నేను చెప్పబోవునది దాని దాయాదియగు చేదునారింజ చరిత్ర.

సంస్కృతపు నారంగశబ్దము పారసీక, అరబ్బు భాషల మీదుగా స్పెయిను చేరినది. మధ్యయుగమున ఆ చెట్టును అరబ్బులే సిసిలీ, స్పెయిను దేశములకు కొనిపోయిరి.

ఐరోపావారు దానినుండి మూడు తైలములు తీసిరి. పూలను నీటితో కాచి, ఆవిరిని చల్లార్చగా వచ్చినది నెరోలీ. 17వ శతాబ్దిలో ఇటలీయందలి నెరోలా సంస్థానపు రాణి దానిని వాడుకకు తెచ్చినందున ఆ పేరు కలిగెనందురు. ఆకులు, లేతరెమ్మలనుండి వచ్చునది పెతిగ్రెయిన్, అనగా 'చిన్న గింజ'. పూర్వము దానిని పిందెలనుండి తీసెడివారు. పదార్థము మారినను పేరు నిలిచినది. మూడవది తొక్క పిండిన నూనె.

చెట్టొక్కటే గదా, వాసనలు మూడేల? 19వ శతాబ్ది చివర జర్మనీ శాస్త్రజ్ఞుడు ఒట్టో వాలాఖ్ సుగంధతైలములలోని ద్రవ్యములను వేరుపరచి శోధించెను. 1910లో నోబెల్ బహుమానము నందెను. ఆ మార్గమున నడచినవారు కారణమును తేల్చిరి. తొక్కనూనెలో నూటికి 90 పాళ్లకు మించి లిమోనీన్. ఆకునూనెలో ముఖ్యములు లినాలైల్ ఎసిటేట్, లినలూల్. పూలనూనెలో లినలూల్‌తోపాటు మిథైల్ ఆంత్రానిలేట్, ఇండోల్ స్వల్పముగా గలవు. ఇండోల్ దండిగా నున్న దుర్గంధము; లేశమాత్రమైన మల్లెకును అదియే సొగసు.

శాస్త్రము పుట్టకమున్నే తైలకారుల నాసిక 'వేరు' అని పలికినది. శాస్త్రము 'ఏల' యని చెప్పినది. చిరకాలము బడిలో పాఠములు చెప్పిన నాకు తోచునదొక్కటే: ఈ రెంటిలో నేది లోపించినను విద్య కుంటుపడును.