కదలని ఛార్జర్‌కు కూత ఎక్కడిది?

రాత్రి ఇంట్లో సద్దు మణిగాక, గోడకు తగిలించిన సెల్‌ఫోన్ ఛార్జర్ నుంచి సన్నని ఈల వంటి శబ్దం వస్తోందని పిల్లలు చెబుతుంటారు. పెద్దలు చెవి ఒగ్గి విని, ఏమీ లేదని కొట్టిపారేస్తారు. నిజానికి ఇద్దరి మాటా సరైనదే. మానవుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల కంపనాలను గ్రహించగలదని శాస్త్రం చెబుతున్నప్పటికీ, ఆ పై హద్దు వయసుతోపాటు దిగివస్తుంది. నడివయసు దాటిన వారిలో అనేకులకు 15,000 పైబడిన ధ్వనులు వినిపించవు. కనుక కూత ఉన్నదీ లేనిదీ తేల్చవలసి వస్తే ఇంట్లోని చిన్నవారినే అడగాలి.

ఫ్యాన్‌కు రెక్కలున్నాయి, మిక్సీకి మోటారు ఉంది. తిరిగే భాగమే లేని ఛార్జర్‌కు శబ్దం ఎక్కడిదన్నది సహజంగా కలిగే సందేహం. లోపలి భాగాలు కంటికి కనిపించనంత స్వల్పంగా వణకడమే ఇందుకు కారణం. తీగచుట్టలో ప్రవహించే విద్యుత్తు మారినప్పుడల్లా దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం మారుతుంది. ఆ బలానికి తీగలు ఒకదానినొకటి లాగుకుంటాయి. చుట్ట మధ్యనున్న ఇనుము కూడా అణుమాత్రం సాగి, మళ్లీ ముడుచుకుంటుంది. అయస్కాంత ప్రభావంతో ఇనుము పొడవు మారుతుందని ఆంగ్ల శాస్త్రవేత్త జేమ్స్ జౌల్ 1842లోనే గుర్తించాడు.

వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనడం ఈ కారణం చేతనే. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తాలు తిరుగుతుంది. ప్రవాహం ఏ దిశలో సాగినా ఇనుము స్పందిస్తుంది కాబట్టి ప్రతి ఆవృత్తానికి రెండుసార్లు కంపిస్తుంది. అంటే సెకనుకు 100 కంపనాలు. అందుకే ఆ మోత బొంగురుగా ఉంటుంది. పాత ట్యూబ్‌లైట్ చోక్ రొద కూడా ఈ కోవలోదే.

ఛార్జర్ కూత మాత్రం కీచుగా ఉండడానికి వేరే కథ ఉంది. టేప్‌రికార్డర్లకు వాడిన పాత ఎలిమినేటర్ చేతిలోకి తీసుకుంటే ఇటుకలా బరువుండేది. ఇప్పటి ఛార్జర్ అరచేతిలో ఇమిడిపోతోంది. విద్యుత్తును సెకనుకు వేల, లక్షల సార్లు తెంపుతూ కలుపుతూ పంపే పద్ధతి వల్ల చిన్న ట్రాన్స్‌ఫార్మరే సరిపోతోంది. ఈ వేగం 20,000 దాటి ఉండేలా తయారీదారులు చూస్తారు. అప్పుడు ఎవరి చెవికీ అందదు. అయితే ఫోన్ పూర్తిగా నిండినప్పుడో, ఫోన్ తీసివేసినప్పుడో ఛార్జర్‌కు పని తగ్గుతుంది. కరెంటు ఆదా కోసం అది కాసేపు పనిచేసి, కాసేపు ఆగుతూ విడతలుగా నడుస్తుంది. ఆ విడతల వేగం చెవికి అందే హద్దులోకి దిగినప్పుడే కూత పుడుతుంది. పని లేనప్పుడే అరవడం విచిత్రంగా తోచినా, అది చెడిపోయిందనడానికి గుర్తు కాదు.

తీగచుట్టతోపాటు మరో నిందితుడు కూడా ఉన్నాడు. సర్క్యూట్ బోర్డుపై ఆవగింజంత ఉండే పింగాణీ కెపాసిటర్లలో అనేకం బేరియం టైటనేట్‌తో చేసినవి. వోల్టేజీ మారినప్పుడల్లా ఈ పదార్థం ఉబ్బి కుదించుకుంటుంది. కెపాసిటర్ చిన్నదైనా, దానిని అతికించిన బోర్డు డప్పు చర్మంలా మోగుతుంది. ల్యాప్‌టాప్‌ల నుంచి వచ్చే సన్నని కూతలో దీని పాత్ర తరచుగా ఉంటుంది.

పిక్చర్ ట్యూబ్ టీవీల కాలంలో, ధ్వని పూర్తిగా తగ్గించినా టీవీ నడుస్తున్న సంగతి పిల్లలు పక్క గదిలోంచే పసిగట్టేవారు. తెరపై 625 గీతల బొమ్మ సెకనుకు 25 సార్లు గీయాలి. ఈ రెంటినీ హెచ్చిస్తే 15,625. టీవీ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఆ వేగంతోనే కంపించేది.

ఎప్పుడు జాగ్రత్త పడాలి?

ఒకే తీరున వచ్చే సన్నని కూత సాధారణంగా ప్రమాదకరం కాదు. మునుపు లేని శబ్దం కొత్తగా మొదలైనా, రోజురోజుకూ పెరుగుతున్నా, చిటపటలు వినిపించినా, కాలిన వాసన వచ్చినా, చేయి పెట్టలేనంత వేడెక్కినా వెంటనే స్విచ్ ఆపివేయాలి. ప్లగ్గు కాళ్లు నల్లబడితే లోపం సాకెట్‌లోనూ ఉండవచ్చు.

సంతల్లో ఏ ముద్రా లేకుండా అమ్మే చౌక ఛార్జర్లతోనే అసలు భయం. గోడ వైపు 230 వోల్టులను, ఫోన్ వైపు 5 వోల్టులను వేరుచేసే అడ్డు వాటిలో బలహీనంగా ఉంటే, ఫోన్ పట్టుకున్న వారికే షాక్ తగలవచ్చు. అది కూత పెట్టినా పెట్టకపోయినా ప్రమాదమే. కేంద్రం 2012లో తెచ్చిన నిర్బంధ నమోదు విధానం పరిధిలోకి సెల్‌ఫోన్ ఛార్జర్లు కూడా చేరాయి. కొనేటప్పుడు బీఐఎస్ గుర్తును, దానితోపాటు 'ఆర్' అక్షరంతో మొదలయ్యే సంఖ్యను చూసుకోవాలి.

కూత ఎక్కడిదో చూద్దామని ఛార్జర్‌ను విప్పడం తగదు. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. రంగుల పిక్చర్ ట్యూబ్ టీవీలో అది 20,000 వోల్టులకు పైమాటే. వదులైన తీగచుట్టను వార్నిష్‌తోనో, జిగురుతోనో బిగించే పని తెలిసిన మెకానిక్‌కు వదిలేయాలి. శబ్దం వినిపించకూడదని ఛార్జర్‌కు గుడ్డ చుట్టడం, దిండు కింద దోపడం మరీ ముప్పు. గాలి ఆడక వేడి లోపలే చిక్కుకుంటుంది. నిద్రకు భంగమైతే స్విచ్ కట్టేస్తే చాలు.