కావలి తుఫానూ, మా నాన్నమ్మ గాలీ

మొన్న అమెరికాలో ఉండే మా టీమ్ లీడ్ "సాయంత్రం నాలుక్కి కోల్డ్ ఫ్రంట్ వస్తోంది, ఇంటికి పోతున్నా" అని కాల్ పెట్టేశాడు. అన్నట్టే వచ్చిందట. నాకు భలే కుళ్ళొచ్చింది. మాది నెల్లూరు జిల్లా కలిగిరి. పొగాకు నారు ఇవాళ నాటాలా, నాలుగు రోజులు ఆగాలా అని నాన్న అడిగితే నా ఫోను "వాన 60 శాతం" అంటుంది. ఏం చెప్పను?

అసలు "ఫ్రంట్" అనే మాట మొదటి ప్రపంచయుద్ధం నుంచి వచ్చింది. చల్లగాలి, వేడిగాలి తలపడే సరిహద్దుకి నార్వేలోని బెర్గెన్ శాస్త్రవేత్తలు పెట్టిన పేరది. మనకలాంటి సరిహద్దులు రావు. మన గండాలన్నీ బంగాళాఖాతం నుంచే.

1989 నవంబరునే చూడండి. "గే" అనే తుఫాను థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, చకచకా బలపడి, 4వ తేదీన చుంఫోన్ దగ్గర తీరం దాటింది. అక్కడ వందలమంది పోయారు. అది అంతటితో ఆగకుండా బంగాళాఖాతంలోకొచ్చి ఇంకా బలపడి, 8వ తేదీ రాత్రి కావలి దగ్గర మన తీరాన్ని కొట్టింది. కావలి మాకు తూర్పున 30 కిలోమీటర్లే. ఇక్కడ పోయినవాళ్ళు దాదాపు 70 మంది. తక్కువని కాదు, కానీ 1977 దివిసీమ ఉప్పెనలో సర్కారు లెక్కే 10,000.

తేడా ఎక్కడొచ్చింది? మనకి నాలుగు రోజుల టైము దొరికింది. 1983లో ఎగిరిన ఇన్సాట్-1బి పైనుంచి చూస్తూనే ఉంది. అన్నిటికంటే ముఖ్యం, కబురు ఊళ్ళకి చేరింది, జనాన్ని ఖాళీ చేయించారు. మన భాషలో చెప్పాలంటే, అలర్ట్ రావడం ఒక ఎత్తు, దాన్ని చూసి ఎవరో ఒకరు లేవడం ఇంకో ఎత్తు.

మా నాన్నమ్మ ఉపగ్రహం ఎరగదు. "కార్తీకంలో ఉత్తరపు గాలి ఆగకుండా కొడితే సముద్రంలో ఏదో ఉన్నట్టేరా" అనేది. చాదస్తం అనుకునేవాణ్ణి. తర్వాత చదివితే తెలిసింది, డచ్చి శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో చెప్పిందీ అదే. మన అర్ధగోళంలో గాలికి వీపుపెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమచేతి వైపుంటుంది. ఉత్తరపు గాలికి వీపుపెడితే మా ఊళ్ళో ఎడమచెయ్యి ఎటు? కావలి వైపు, సముద్రం వైపు!

అందుకే ఈసారి నాన్న ఫోన్ చేస్తే శాతం చెప్పలేదు. వాతావరణశాఖ బులెటిన్ చదివి వినిపించి, "గాలి ఎటు నుంచి కొడుతోంది నాన్నా?" అని అడిగాను.

"ఉత్తరం" అన్నాడు.

"అయితే నాలుగు రోజులు ఆగు."