పట్టీ ఎక్కిస్తే పల్టీ కొట్టే కారు: స్టాండర్డ్ హెరాల్డ్ కథ

పాత కారు కొన్న కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, సస్పెన్షన్ అప్‌గ్రేడ్ చేయాలి, ఏ స్ప్రింగులు వేయమంటావ్?" ఈ రోజు దానికి జవాబుగా పార్టుల లిస్టు చెప్పను. ఒక కారు చరిత్ర చెప్తాను. అందులో నేను కృష్ణలో పడబోయి ఆగిన సంగతి కూడా ఉంది.

ఆ కారు పేరు స్టాండర్డ్ హెరాల్డ్. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ తయారు చేసింది. పుట్టిల్లు మాత్రం ఇంగ్లండు. అక్కడ ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో 1959లో వచ్చింది. బాడీ గీసినాయన ఇటలీ డిజైనర్ మికెలాట్టి. 1962లో ఆ హెరాల్డ్ చాసిస్‌నే కుదించి, మార్చి, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కట్టారు. అంటే మన మద్రాసు హెరాల్డ్ ఒక స్పోర్ట్స్ కారుకి తోడబుట్టిన అక్క అన్నమాట.

అప్పట్లో మన రోడ్ల మీద తిరిగేవి అంబాసిడర్లు, ఫియట్లు. వాటి వెనక రెండు చక్రాల్నీ కలుపుతూ అడ్డంగా ఒకే ఇరుసు ఉంటుంది. కింద కమాను కట్టలు. ఎడ్లబండి చూసినవాడికి సగం అర్థమైపోతుంది. హెరాల్డ్ అలా కాదు. దాని వెనక చక్రాలు దేనికది విడివిడిగా ఆడతాయి. కమాను కట్ట ఒక్కటే, అది కారుకి అడ్డంగా, మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ నెత్తి మీద బిగించి ఉంటుంది. దీన్ని స్వింగ్ యాక్సిల్ అంటారు.

ఇది ఎలా పని చేస్తుందో చెప్తా వినండి, అసలు కథంతా ఇక్కడే ఉంది. వరిచేలో కొంగ ఎగరడం చూశారు కదా. ఒళ్లు మధ్యలో, రెక్కలు అటూ ఇటూ. హెరాల్డ్ వెనక భాగం అచ్చం అంతే. కారు ఒళ్లు కిందకి దిగితే రెక్కలు పైకి లేస్తాయి, చక్రాల అడుగులు బయటికి పరుచుకుంటాయి. ఒళ్లు పైకి లేస్తే రెక్కలు కిందికి వాలతాయి, చక్రాల అడుగులు లోపలికి ముడుచుకుంటాయి. మలుపులో స్పీడుగా వెళ్తూ సడన్‌గా యాక్సిలరేటర్ వదిలేస్తే, బరువు ముందుకి పోయి వెనక భాగం పైకి లేస్తుంది. చక్రం ముడుచుకుంటుంది. టైరు అంచు మీద నిలబడుతుంది. ఇక పట్టు పోయి తోక తిరిగిపోతుంది.

ఈ జబ్బు హెరాల్డ్ ఒక్కదానిదే కాదు. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కీ ఉంది. అమెరికాలో షెవర్లే కోర్వెయిర్ అనే కారు ఇదే స్వింగ్ యాక్సిల్ వల్ల పేరు పోగొట్టుకుంది. 1965లో రాల్ఫ్ నాడర్ తన పుస్తకంలో మొదటి అధ్యాయమే దాని మీద రాశాడు.

ఇప్పుడు బెజవాడకి వద్దాం. మన ఆటోనగర్ 1960ల్లో మొదలైంది. లారీ బాడీలు కట్టడంలో, కమాను కట్టలు సరిచేయడంలో దాని పేరు తెలియని డ్రైవర్ ఉండడు. అక్కడ ఒక పాత సూత్రం ఉంది. బండి వెనక కుంగిందా? కట్టలో ఇంకో పట్టీ ఎక్కించు. లారీకి కరెక్ట్. అంబాసిడర్‌కి కూడా కరెక్టే. ఒకే ఇరుసు కాబట్టి బండి ఎంత ఎత్తు లేచినా చక్రాలు నిటారుగానే ఉంటాయి.

నా హెరాల్డ్ కూడా వెనక కుంగి ఉండేది. నేనూ అదే చేయించాను. పట్టీ ఎక్కించమని గట్టిగా అడిగింది నేనే, పాపం మెకానిక్‌ది తప్పేం లేదు. బయటికొచ్చాక కారు ఠీవిగా నిలబడింది. ఫొటోలు కూడా తీసుకున్నా. కానీ అదనపు పట్టీ కారు ఒంటిని పైకెత్తేసింది, అంటే కొంగ రెక్కలు ముందే కిందికి వాలిపోయాయి. కదలకుండా నిలబడి ఉన్నప్పుడే చక్రాలు సగం ముడుచుకుని ఉన్నాయి. దాన్ని నేను స్టైల్ అనుకున్నాను!

ఓ సాయంత్రం తోట్లవల్లూరు వైపు నుంచి కరకట్ట మీద వస్తున్నా. మలుపులో గేదె అడ్డమొచ్చింది. కాలు తీసి బ్రేక్ మీద వేశా. స్టీరింగ్ నా చేతిలోనే ఉంది కానీ కారు మాత్రం నా మాట వినడం మానేసింది. తోక ముందుకొచ్చి, కట్ట అంచున అడ్డంగా ఆగింది. పక్క సీట్లో మా తమ్ముడు. పది నిమిషాలు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. గేదె దాని దారిన అది వెళ్లిపోయింది.

మర్నాడు ఇంకో పెద్ద మేస్త్రి కారు కిందకి దూరి చూసి, "ఇది లారీ కాదు బాబూ, దీనికి ఎత్తే శత్రువు" అన్నాడు.

మరి కంపెనీలు ఏం చేశాయి? ఇంగ్లండులో 1970లో వచ్చిన స్పిట్‌ఫైర్ మార్క్ 4 చూడండి. కమాను కట్టను గట్టిపరచలేదు. పైగా చాలా పట్టీల్ని గట్టిగా బిగించకుండా మధ్యలో ఊగేలా వదిలేశారు. ముందు వైపు యాంటీ రోల్ బార్ మాత్రం లావు చేశారు. స్పోర్ట్స్ కారుకి దొరికిన మంచి అప్‌గ్రేడ్ ఏంటంటే వెనక మెత్తబరచడం!

మద్రాసు కంపెనీ వేరే దారి పట్టింది. 1972లో హెరాల్డ్ స్థానంలో స్టాండర్డ్ గజెల్ వచ్చింది. అందులో స్వింగ్ యాక్సిల్ తీసేసి మామూలు ఇరుసు పెట్టారు. ఇక్కడి ఓనర్లకీ మెకానిక్‌లకీ ఆ విడివిడి చక్రాల పద్ధతి నచ్చలేదు. 1977కల్లా గజెల్ తయారీ కూడా ఆగిపోయింది.

ఇది చదివినప్పుడు "మనోళ్లు మళ్లీ వెనక్కి నడిచారు" అని నవ్వుకున్నాను. కరకట్ట తర్వాత నవ్వు రాలేదు. డెల్టాలో నల్లరేగడి నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీస్తుంది, పైనున్న రోడ్డు అలల్లా లేస్తుంది. కారులో ఆరుగురు, డిక్కీలో బియ్యం బస్తా. ఈ రోజు ఒళ్లు కిందకి, రేపు పైకి. అలాంటి చోట బరువు మారినా చక్రం నిటారుగా ఉండే ఇరుసు పెట్టడం తెలివితక్కువ పనా? నాకైతే కాదనిపిస్తుంది. అలాగని నా హెరాల్డ్‌కి ఆ ఇరుసు వేయించను. గతుకుల్లో అది నడిచే మెత్తదనం వదులుకోలేను.

నేను చేసింది ఇదీ. ఎక్కించిన పట్టీ తీసేశాను. పాత కట్టకే వంపు సరిచేయించి కంపెనీ ఎత్తుకి తెచ్చాను. కొత్త షాక్ అబ్జార్బర్లు, కొత్త రబ్బరు బుష్‌లు. టైర్లలో గాలి ముందు తక్కువ, వెనక ఎక్కువ. ఇంకో ముఖ్యమైన పని, ముందు చక్రాల కింద మరలు చెక్కిన ఇత్తడి ట్రనియన్లు ఉంటాయి. కంపెనీ వాటికి చెప్పింది గ్రీజు కాదు, 90 నంబర్ గేర్ ఆయిల్. నూనె లేకపోతే వాన నీళ్లు లోపలికి దిగి ఉక్కు కడ్డీ తుప్పు పడుతుంది. ఓ రోజు మలుపు తిప్పుతుండగా పుటుక్కున విరిగి చక్రం మడతపడుతుంది. మీ దగ్గర హెరాల్డ్ ఉంటే స్ప్రింగుల సంగతి తర్వాత, ముందు అది చూడండి.

ఆ తీసేసిన పట్టీ మా వరండాలోనే ఉంది. గాలికి గేటు కొట్టుకోకుండా మా అమ్మ దాన్ని అడ్డం పెడుతోంది.