హాలీ సిక్కా

హైదరాబాదు సంస్థానపు వెండి రూపాయి. 1857 తిరుగుబాటు తర్వాత నాణెంపై మొఘల్ చక్రవర్తి పేరు పోయి ఆసఫ్ జాహీ బిరుదు వచ్చింది. 20వ శతాబ్ది మొదట్లో యంత్రంతో ముద్రించిన రూపాయిపై చార్మినార్ కనిపిస్తుంది. దాని ద్వారం మధ్యనున్న ఉర్దూ అక్షరం పాలకుణ్ణి తెలుపుతుంది: ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీ ఖాన్. బరువు సుమారు 11.18 గ్రాములు, చాలాకాలం వెండి 81.8 శాతం. బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. అందుకే ఆరు బ్రిటిష్ రూపాయలకు దాదాపు ఏడు హాలీ రూపాయలు ఇవ్వాల్సి వచ్చేది. 1948లో సంస్థానం భారతదేశంలో కలిసినా హాలీ సిక్కా వెంటనే రద్దు కాలేదు. 1950లలో క్రమంగా తెరమరుగైంది. తెలుగు నేలపై స్వదేశీ సంస్థానం నడిపిన ద్రవ్యవ్యవస్థకు ఇది విలువైన సాక్ష్యం.