ద్వీపానికి ఆకలి ఎందుకు వచ్చింది?

2022 ఏప్రిల్ 4న మన నంద్యాల జిల్లా ఏర్పడింది. ఆ సంబరం తీరకముందే, ఏప్రిల్ 12న, విదేశీ అప్పులు ఇప్పట్లో తీర్చలేమని శ్రీలంక ప్రభుత్వం ప్రకటించింది. ఆళ్లగడ్డ, నంద్యాల రెవెన్యూ ఆఫీసుల్లో గుమాస్తాగా లెక్కలు రాసిన అలవాటు కొద్దీ, ఆ దేశపు జమాఖర్చు ఎక్కడ తప్పిందో చూశాను.

శ్రీలంక వరి బాగా పండించే దేశమే. కాని పెట్రోలు, గోధుమలు, పప్పులు, పాలపొడి, మందులు ఓడల మీద రావాలి. వాటికి డాలర్లు కావాలి. ఆ డాలర్లు తెచ్చేవి తేయాకు, దుస్తుల ఎగుమతి, యాత్రికులు, విదేశాల్లో పనిచేసేవారు పంపే సొమ్ము. 2019 ఏప్రిల్ 21 నాటి బాంబు పేలుళ్లతో యాత్రికులు తగ్గారు. ఆ ఏడాది చివర విలువ ఆధారిత పన్నును 15 నుంచి 8 శాతానికి తగ్గించగా ఖజానా రాబడి పడిపోయింది. 2020లో కోవిడ్ వచ్చింది. అప్పుల వాయిదాలు మాత్రం ఆగలేదు. 2019 చివర సుమారు 760 కోట్ల డాలర్లున్న విదేశీ నిల్వలో, వాడుకోదగినది 5 కోట్లకు లోపేనని 2022 మేలో ఆర్థికమంత్రి పార్లమెంటులో చెప్పారు.

ఇది చాలదన్నట్లు 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించారు. సరిపడా సేంద్రియ ఎరువు సిద్ధంగా లేదు. కె.సి. కాలువ కింద సోనా వేసే మన రైతుకు అదనుకు యూరియా అందకపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. నవంబరులో నిషేధం ఎత్తివేసేసరికి అదను దాటిపోయింది. దిగుబడి తగ్గి, బియ్యం కూడా బయటి నుంచి తెచ్చుకోవలసి వచ్చింది.

1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు వేలమందికి అన్నం పెట్టారని మన ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటాం. గాదెలో గింజ ఉంది గనుక పెట్టగలిగారు. శ్రీలంక గాదె సగం ఓడల్లో ఉంది. డబ్బు కట్టలేక కొన్ని ఓడలు రేవులోనే నిలిచిపోయాయి.

2022 సెప్టెంబరులో కొలంబోలో ఆహార ధరలు ఏడాది క్రితం కంటే 94.9 శాతం పెరిగాయి. నెలకు ఇంతని వచ్చే పింఛనుదారుని చేతిలో అంకె మారలేదు, తెచ్చుకునే సరుకు సగమయింది. ఆ ఏడాది భారతదేశం సుమారు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది. 2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి సుమారు 300 కోట్ల రుణం మంజూరు చేసింది.

మన పింఛనుకు ధరలను బట్టి కలిపే మొత్తాన్ని కరువు భత్యం అంటాం. ఆ మాటలోని కరువు ఉత్తమాట కాదని పొరుగు ద్వీపం చూపింది. మిత్రులు తమ పింఛనును రూపాయల్లోనే కాక, అది ఎన్ని కిలోల బియ్యం తెస్తుందో కూడా ఏటా లెక్క చూసుకోవాలని నా మనవి.